బ్యాగులో పెట్టినప్పుడల్లా స్క్రీన్ మీద కీల అచ్చులు, ఆపేదెలా?

14 అంగుళాల ల్యాప్‌టాప్, గ్లాసీ స్క్రీన్. బ్యాక్‌ప్యాక్‌లో పెట్టి గంటసేపు బైక్ మీద వెళ్తే చాలు, స్పేస్ బార్, ఎంటర్ కీల అంచులు స్క్రీన్ మీద జిడ్డు గీతల్లా దిగిపోతున్నాయి. బల్ల మీద రాత్రంతా మూసి ఉంచినా ఒక్కటీ పడదు. అంటే బ్యాగు ఒత్తిడికి మూత వంగి కీలకు తగులుతోందన్నమాట.

డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే చాలావరకు పోతున్నాయి. స్పేస్ బార్ దగ్గర రెండు సన్నటి గీతలు మాత్రం పోలేదు (కోటింగ్ గీసుకుపోయినట్టుంది). కీలను వారానికి రెండుసార్లు తుడిచి, ఛార్జర్‌ను వేరే అరలోకి మార్చాక అచ్చులు పలచబడ్డాయే గానీ ఆగలేదు. సిలికాన్ కీబోర్డ్ కవర్ వేస్తే మూత పూర్తిగా పడలేదు. మందపాటి గుడ్డ పెడితే ప్యానెలే పగలొచ్చు.

మూత పూర్తిగా పడేంత పలచగా ఉండి, ఈ అచ్చులను ఆపే షీటు మీలో ఎవరైనా వాడుతుంటే, అది ఏ రకం, ఎంత మందం?