ఇంటర్న్‌షిప్ అయిపోయింది, రికార్డులన్నీ నిండాయి.. పాఠం చెప్పడం వచ్చిందా అంటే మాత్రం డౌటే

అందరికీ నమస్తే. బీఈడీ రెండో ఏడాది, ఫిజికల్ సైన్స్ మెథడాలజీ. నల్గొండ జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో 16 వారాల ఇంటర్న్‌షిప్ నిన్నటితో అయిపోయింది. పిల్లలు పెన్నులు, చాక్లెట్లు ఇచ్చి, మళ్ళీ ఎప్పుడొస్తారు మేడం అని గేటు దాకా వచ్చారు. నాకూ ఏడుపొచ్చింది. కానీ బస్సెక్కాక ఒకటే ఆలోచన, ఇన్ని వారాల్లో నేను నిజంగా చెప్పిన పాఠాలు ఎన్ని అని. లెక్కేస్తే ఒక్కటి తేలింది, అది కూడా నా గొప్ప కాదు.

ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం. ఉన్ముఖీకరణ ప్రశ్నలు (పాఠం మీదికి పిల్లల దృష్టి మళ్ళించేవి), చార్టు, స్ప్రింగ్ త్రాసు అన్నీ రెడీగా పెట్టుకుని, ఘర్షణ అంటే ఏంటి అని అడిగితే ఒకడు లేచి 'కొట్లాట మేడం' అన్నాడు. క్లాసంతా నవ్వు. నా పాఠ్య పథకంలో ఆ జవాబు లేదు కదా, వాడిని కూర్చోబెట్టి నిర్వచనం బోర్డు మీద రాసేశాను. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఇంగ్లిష్ మీడియం కాబట్టి ఫ్రిక్షన్ అన్నాను, అదీ ఎవరికీ అంటలేదు. అర్థమైందా అంటే మాత్రం 'అర్థమైంది మేడం' అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. ఆ రోజు పరిశీలనకు వచ్చిన మా సార్ చార్టు బాగుందన్నారు.

మర్నాడు, అప్పటిదాకా నోరు తెరవని ఒక చివరి బెంచీ పిల్లాడు అడిగాడు. 'మా నాన్న ట్రాక్టర్ బేరింగులకేమో గ్రీజు పెడతాడు, మడిలోకి దించేటప్పుడు మాత్రం ఇనుప కేజ్‌వీల్స్ వేస్తాడు, ఒకచోట జారాలి, ఒకచోట జారొద్దా మేడం?' నేను మూడు రోజులు చెప్పాలనుకున్న పాఠమంతా అదే! మిగతా పీరియడ్ వాడే చెప్పాడు, నేను చాక్‌పీస్ పట్టుకుని బొమ్మలు వేశాను. ఆ రోజు మమ్మల్ని చూడ్డానికి ఎవరూ రాలేదు.

మీకూ ఇలాగే అనిపించిందా? కింద కామెంట్లలో చెప్పండి. ఈ ఉద్యోగానికి పనికొస్తానా అని టెన్షన్‌గా ఉంది.

చివరి పీరియడ్: మీకు కనీసం మీ సబ్జెక్టు ఇచ్చారు అక్కా. నాది సోషల్, మా స్కూల్లో ఏ టీచర్ సెలవు పెడితే ఆ క్లాసుకు నన్ను తోశారు. తొమ్మిదో తరగతికి హిందీ కూడా చెప్పాను, నాకు హిందీ చదవడం సరిగా రాదు. సాట్ రికార్డు (పిల్లలకు పెట్టిన పరీక్షది), కేస్ స్టడీ, టీఎల్ఎం (బోధనా సామగ్రి) రికార్డు ఇవన్నీ రాత్రి పన్నెండు దాకా కూర్చుని రాసుడే. ఒక మంచి సంగతి మాత్రం ఉంది, మధ్యాహ్నం భోజనం దగ్గర వడ్డించేటప్పుడే పిల్లల పేర్లన్నీ వచ్చాయి, క్లాసులో రాలేదు.

సూటిగా: ఏమనుకోకండి, ఈ బాధ తర్వాత పడొచ్చు. టీచర్ పోస్టుకు అర్హత పరీక్ష టెట్‌కు 20 శాతం, నియామక పరీక్ష డీఎస్సీకి 80 శాతం వెయిటేజీ. ఇందులో ఎక్కడైనా పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పి చూపించమన్నారా? లేదు. ముందు బిట్లు చదవండి, పోస్టు కొట్టండి, ట్రాక్టర్ సంగతి ఆ తర్వాత.

పాత మాస్టారు: పైన తమ్ముడు చెప్పింది ఉద్యోగం తెచ్చుకోవడానికి నిజమే. కానీ ఉద్యోగం వచ్చిన మొదటి రోజు కూడా ఆ పిల్లలే ఉంటారు నాయనా, బిట్లు ఉండవు. మాది ఏడాది బీఈడీ, నలభై రోజుల టీచింగ్ ప్రాక్టీస్. 2015 నుంచి రెండేళ్ళు చేసి, స్కూళ్ళలో మొత్తం 20 వారాలు ఉండమన్నారు, మొదటేడు నాలుగు, రెండో ఏడు పదహారు. వారాలు పెరిగాయి, దాంతోపాటు రికార్డులూ పెరిగాయి.

అమ్మా, నీ తప్పు ఒక్కటే కనిపిస్తోంది నాకు. 'కొట్లాట' అన్నవాణ్ణి కూర్చోబెట్టకుండా ఉండాల్సింది. వాడికి తెలిసిన తెలుగులో అది సరైన జవాబే, రోజూ పేపర్లో వచ్చేదే. రెండు గరుకు పలకలు ఒకదాన్నొకటి పోనివ్వకపోవడం కూడా కొట్లాట లాంటిదే కదా, అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు. పని, బలం, శక్తి, ఇవన్నీ ఇంతే, ఇంట్లో ఒక అర్థం, సైన్సులో ఒక అర్థం. తలమీద మూట పెట్టుకుని కదలకుండా నిలబడినవాడు చేసిన పని సున్నా అంటే పిల్లలు కొట్టడానికొస్తారు. ఇంకోటి, అర్థమైందా అని అడగడం మానెయ్యి. నేను మానేయడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. దానికి బదులు 'గ్రీజు బదులు ఇసుక పోస్తే ఏమవుతుంది' అని అడిగి, ముందు బెంచీల వాళ్ళను కాసేపు ఆగమను. ఆ ట్రాక్టర్ సంగతి నీ రిఫ్లెక్టివ్ జర్నల్లో, అదే క్లాసులో ఏం జరిగిందో, ఏమనిపించిందో రాసుకునే రికార్డులో, ఉన్నదున్నట్టు రాయి. పనికొస్తావా అంటావా, వాడి చేతికి పాఠం వదిలేసి నువ్వు బొమ్మలు వేశావు చూడు, చాలామంది ఆ పని చెయ్యరు.

అడిగినావిడ: థాంక్యూ సార్. ఇసుక ప్రశ్న రాసి పెట్టుకున్నాను. కానీ ఒక చిక్కుంది, ఆ జర్నల్ పోయిన నెలలోనే నింపేశాను, సీనియర్ అక్క దాంట్లో చూసి. సోమవారం సబ్మిషన్. ఇప్పుడు ఘర్షణ పాఠం రాసిన రెండు పేజీలు చింపి మళ్ళీ రాయాలి, బైండింగ్ కూడా అయిపోయింది.