పిల్లల పళ్లెంలో పప్పు జాగా గుడ్డుకు ఇవ్వొచ్చా?

జొన్నచేను
గుడ్డు వద్దని కాదు నా వాదన. గుడ్డు ఉంది కదా అని పప్పును పలుచన చేయడం తప్పంటున్నాను. దేశంలో తలసరి పప్పుల లభ్యత 1951లో రోజుకు 60 గ్రాములు. 2001 నాటికి అది సగమైంది. తర్వాత కాస్త కోలుకున్నా పాత మట్టానికి చేరలేదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక తెలంగాణలోనూ సీమలోనూ జొన్నరొట్టె, సంగటి వెనకబడ్డాయి. వంద గ్రాముల జొన్నల్లో ప్రోటీన్ 10 గ్రాములుంటే బియ్యంలో 8. ఉలవలు, అనుములు, బొబ్బర్ల రుచే ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలీదు. ఇంత లోటు ఒక్క గుడ్డుతో తీరుతుందా?

పళ్లెం లెక్క
జొన్నచేను గారూ, పప్పు పేరు చెప్పి మనం పోసేది పప్పుచారు. 50 గ్రాముల కందిపప్పుతో నలుగురికి కాస్తే మొత్తం ప్రోటీన్ 11 గ్రాములు, తలా మూడు కూడా రావు. ఒక్క గుడ్డులో ఆరు గ్రాములు ఉంటాయి, అదీ నీళ్లు కలిపి పెంచడానికి వీల్లేనిది.

బడి భోజనం చూడండి. ప్రాథమిక తరగతులకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, అంటే 12 గ్రాముల ప్రోటీన్ అని కాగితం మీద ఉంటుంది. అందులో ఎనిమిది బియ్యానివే! బియ్యంలో లైసిన్ (తిండి నుంచే అందాల్సిన ఒక అమైనో ఆమ్లం, అంటే ప్రోటీన్‌లో ఒక భాగం) తక్కువ, దాన్ని పప్పు పూడుస్తుంది, కానీ మూడు పాళ్ల ధాన్యానికి ఒక పాలు పప్పుండాలి. ఇక్కడ ఐదుకు ఒకటే. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు 23 గ్రాముల ప్రోటీన్ కావాలి. 2020లో ఆంధ్రలో వారానికి ఐదు గుడ్లు చేసినప్పుడు జరిగిన మేలు అదే: గుడ్డు పెట్టిన రోజున ఆ 23లో నాలుగో వంతు ఒక్క గుడ్డుతోనే అందుతుంది.

వంటశాల
మీ ఇద్దరి లెక్కలూ గంటె దగ్గర తప్పుతాయండి. వందమందికి రెండు కిలోల పప్పు. బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటే అది మెత్తబడదు. చింతపండు, టమాటా ముందే వేస్తే పులుపుకి ఇంకా బిరుసెక్కుతుంది. పలుకులు అడుగున ఉండిపోతాయి, పైనున్న నీళ్లే పిల్లలకి వెళ్తాయి. గంట నానబెట్టి, పూర్తిగా ఉడికించి, ఎనిపి, ఆ తర్వాతే పులుపూ ఉప్పూ.

గుడ్లయితే ముందు నీళ్లలో వేసి, తేలినవి పక్కన పెట్టాలి. నీళ్లు మరిగాక పది, పన్నెండు నిమిషాలు చాలు. వెంటనే చన్నీళ్లలోకి తీయాలి. అరగంట ఉడికిస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం, గంధకం వాసన వస్తాయి. పిల్లలు సొన పారేస్తారు. గుడ్డు ప్రోటీన్‌లో దాదాపు 40 శాతం అందులోనే ఉంది.

జొన్నచేను
వంటశాల గారు చెప్పింది పప్పు వండే తీరు గురించి, పప్పు తప్పు కాదు. గుడ్డు తినని ఇళ్ల పిల్లల సంగతేంటి? 30 గ్రాముల వేరుశనగ పప్పులు ఏడు గ్రాముల ప్రోటీన్ ఇస్తాయి. బడిలో వేరుశనగ చిక్కీ వారానికి మూడు రోజులతో సరిపెట్టకుండా వాళ్లకు రోజూ ఇవ్వాలి. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి ఏరి పారేయాలి, ఆ బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు.

పళ్లెం లెక్క
అది ఒప్పుకుంటాను. టీనేజి పిల్లల దగ్గర మాత్రం అసలు ఇబ్బంది బ్రాయిలర్ కోడిది. 13–15 ఏళ్ల అబ్బాయికి రోజుకు 45 గ్రాముల ప్రోటీన్, అమ్మాయికి 43 కావాలి. ఇంట్లో ఆదివారం కిలో చికెన్ తెచ్చి వారమంతా చారన్నంతో నెట్టుకొస్తారు. కొవ్వు దాచుకున్నట్టు శరీరం ప్రోటీన్‌ను దాచుకోదు. ఆదివారం మిగులు గురువారానికి పనికిరాదు. అదే డబ్బుతో రోజూ గుడ్డు, గ్లాసు పాలు, గట్టి పప్పు వస్తాయి. కండలకని డబ్బాల్లో పొడులు కొనేవాళ్లకి ఇంకో మాట: జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో వాటికి దూరంగా ఉండమనే చెప్పింది.

వంటశాల
ఉలవలు తిరిగి తేవాలంటే ఉలవచారుతో మొదలుపెట్టకండి. ఉడికించిన నీళ్లు వంటకి, గింజలు గేదెకి పోతాయి, ప్రోటీన్ ఎక్కువ భాగం గింజల్లోనే మిగులుతుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, తాలింపు పెట్టి గుగ్గిళ్లుగా పెట్టండి. పిల్లాడికి 30 గ్రాముల గింజలతో మొదలుపెట్టండి. సరిగా ఉడకని ఉలవలు కడుపు ఉబ్బిస్తాయి, రెండోసారి ముట్టుకోరు.