టింకర్ టైలర్ సోల్జర్ స్పై: నిజంగా గొప్ప సినిమాయేనా, బోర్ అని చెప్పడానికి మొహమాటపడుతున్నామా?

మొదటిబెంచి:
ఈ 2011 సినిమాని మూడుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లు నేను నిద్రపోయాను, మూడోసారి మా ఆవిడ. కథ చూస్తే చిన్నదే. 1973లో బ్రిటిష్ గూఢచారి సంస్థ పైస్థాయిలో ఎవడో రష్యాకి అమ్ముడుపోయాడు. ఉద్యోగం ఊడిన జార్జ్ స్మైలీని పిలిచి, వాణ్ణి పట్టుకోమంటారు. ఇంత మంచి పాయింట్ చేతిలో ఉంచుకుని రెండు గంటలు ఫైళ్లు తిరగేయడమేనా? హీరో నోరు విప్పేసరికే పావుగంట దాటిపోయింది. బాలేదంటే "నీకు అర్థం కాలేదు" అంటారు. అర్థం కాకపోతే తప్పెప్పుడూ చూసేవాడిదేనా?

రాత్రిషో:
తప్పు మీదని ఎవరన్నారండీ? కానీ ఫోన్ చూసుకుంటూ చూసే సినిమా మాత్రం కాదు. ఉదాహరణకి కళ్లజోడు. సినిమా మొదట్లో స్మైలీ కొత్తది చేయించుకుంటాడు. పాతది పెట్టుకున్నాడంటే అది గతం, కొత్తదైతే ఇప్పటి కథ. తెర మీద "కొన్నాళ్ల క్రితం" అని అక్షరాలు వేయాల్సిన పని లేదు. ఇంకో సీన్లో కారులోకి తేనెటీగ దూరుతుంది. మిగతా ఇద్దరూ చేతులూపుతూ కంగారు పడతారు. స్మైలీ తన వైపు అద్దం దించుతాడు, అది వెళ్లిపోతుంది. మనిషి ఎలాంటివాడో అక్కడే తెలిసిపోయింది నాకు.

మొదటిబెంచి:
కళ్లజోడు సంగతి గమనించలేదు, ఒప్పుకుంటున్నా. అయినా సినిమా చూసేముందు కళ్లజోళ్ల మీద పాఠం చెప్పించుకోవాలంటే ఎలా అన్నా?

పాతరేడియో:
నా గొడవ వేరు. నెమ్మదిగా ఉండటం కాదు, తొందరపడటం ఈ సినిమా జబ్బు. ఈ సినిమాకి మూలమైన నవలనే 1979లో బీబీసీ ఏడు భాగాల సీరియల్‌గా తీసింది, స్మైలీగా అలెక్ గిన్నిస్. అక్కడ అనుమానితులు ఒక్కొక్కరితో కూర్చునే టైం ఉంది. ఇక్కడ రెండు గంటల చిల్లరలో కుదించేసరికి, నలుగురిలో రాయ్ బ్లాండ్ అనేవాడు కుర్చీ నింపడానికి వచ్చినట్టుంది. (ఇక్కణ్ణుంచి ద్రోహి పేరు వస్తుంది, చూడనివాళ్లు ఆగిపోండి.) ఆ నలుగురిలో అందరికీ తెలిసిన పెద్ద స్టార్ కాలిన్ ఫర్త్ ఒక్కడే. పోస్టర్ చూసే దొంగ ఎవడో చెప్పేయొచ్చు!

లీడ్స్‌బాబాయి:
పాతరేడియో గారూ, దొంగ ఎవడన్నది అసలు ప్రశ్నే కాదనుకుంటాను. మనవాడే అని అందరికీ లోపల తెలిసీ, ఒకే కాలేజీ, ఒకే క్లబ్బు, ఒకే యాస కాబట్టి ఎవరూ నోరెత్తకపోవడం, అదీ ఇక్కడి కథ. నిజంగా బ్రిటిష్ గూఢచారి శాఖలో పనిచేసిన కిమ్ ఫిల్బీ విషయంలో జరిగిందదే. కేంబ్రిడ్జిలో చదివాడు, ఏళ్ల తరబడి సోవియట్లకి రహస్యాలు అందించాడు, 1963లో బేరూత్ నుంచి మాస్కో పారిపోయాడు. పుట్టింది మాత్రం మన అంబాలాలో. నవల రాసిన జాన్ లె కారే కూడా ఆ శాఖలో పనిచేసినవాడే, ఆ దెబ్బ దగ్గర్నుంచి చూశాడు. నేను ఇక్కడ ఇంగ్లండ్ ఆఫీసుల్లో పదిహేనేళ్లుగా ఉన్నా. మీటింగులో ఎవరూ గొంతు పెంచకుండా ఒకణ్ణి బయటికి పంపేయడం కళ్లారా చూశాను. ఆ సీన్లు నాకు బోర్ కొట్టవు, ఒళ్లు జలదరిస్తుంది.

పాతరేడియో:
సరే బాబాయ్, మరి ఢిల్లీ సంగతి? స్మైలీ ఒకప్పుడు రష్యా గూఢచారి కార్లాని ఢిల్లీ జైల్లో కలిశాడు. సీరియల్లో ఆ సీన్ చూపించారు. కార్లాగా ప్యాట్రిక్ స్టీవర్ట్, ఒక్క మాట మాట్లాడడు, కళ్లతోనే భయపెడతాడు. సినిమాలో అది ఎగ్గొట్టి, స్మైలీ చేత నోటితో చెప్పించారు. సెట్టు ఖర్చు మిగుల్చుకున్నారేమో!

రాత్రిషో:
అయ్యో, ఆ సీన్ కోసమే నేను సినిమా మళ్లీ మళ్లీ చూస్తాను! కొంచెం మందేసి ఉంటాడు. చెబుతూ చెబుతూ ఎదుటి ఖాళీ కుర్చీతో మాట్లాడటం మొదలుపెడతాడు, అప్పుడు కార్లాతో మాట్లాడినట్టే. భార్య ఇచ్చిన లైటర్ కార్లా పట్టుకుపోయాడని చెప్పేటప్పుడు స్మైలీగా వేసిన గ్యారీ ఓల్డ్‌మన్ మొహం చూడండి. ఓడిపోయింది స్మైలీయే, ఇన్నేళ్లయినా ఆ గదిలోంచి బయటికి రాలేదు. కార్లా మొహం చూపించి ఉంటే మనం వాణ్ణి చూసేవాళ్లం, స్మైలీని కాదు. ఓల్డ్‌మన్‌కి మొదటి ఆస్కార్ నామినేషన్ ఊరికే రాలేదు.

లీడ్స్‌బాబాయి:
టెన్షన్ లేదన్నవాళ్లు ఆ ఎయిర్‌స్ట్రిప్ సీన్ చూడండి. స్మైలీ, ఆ నలుగురు అనుమానితుల్లో ఒకడైన టోబీ నిలబడి మెల్లగా మాట్లాడుకుంటుంటే వెనకాల విమానం దిగి వాళ్ల వైపే వస్తూ ఉంటుంది. తుపాకీ లేదు, అరుపు లేదు. టోబీ ఏడ్చేస్తాడు.

మొదటిబెంచి:
రాత్రి ఢిల్లీ సీన్ ఒక్కటీ పెట్టుకుని చూశాను. కుర్చీ సంగతి నిజమే, బాగుంది. ఆ ఊపులో మొత్తం సినిమా చూద్దామని వెనక్కి తిప్పాను. మళ్లీ ఎక్కడ నిద్రపోయానో తెలీదు. పాతరేడియో అన్నమాటకి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు. రాయ్ బ్లాండ్ ఈ సినిమాలో చెప్పిన ఒక్క డైలాగ్ చెప్పండి చూద్దాం.

రాత్రిషో:
రెండు రోజులు టైమివ్వండి.