వంకర బ్లాకుల బొంత: అంచులు అలలు తేలుతున్నాయి, ఏం చేయాలి?

సీతమ్మధార_సూది:
అతుకుల బొంతకి కావాలనే వంకర బ్లాకులు (ముక్కలు అతికి చేసే చదరాలు) కుడుతున్నాను. మధ్యలో అయిదు పలకల ముక్క, చుట్టూ పట్టీలు. పూర్తయ్యాక బ్లాకు 12 అంగుళాలు, వరసకి 4 చొప్పున 5 వరసలు. గుడ్డ బ్లౌజుల కట్ పీసులు, టూ బై టూ. కొన్ని బ్లాకుల అంచులు అలలు తేలుతున్నాయి, రెండు బ్లాకులైతే మధ్యభాగం బుగ్గలా ఉబ్బాయి. చదరం చేయబోతే ఒక మూల చాలట్లేదు. రోటరీ కట్టర్ (గుండ్రటి బ్లేడు కట్టర్) లేదండీ, కత్తెరే.

గాజువాక_టైలర్:
అవి రెండూ వేర్వేరు జబ్బులమ్మా. అంచు అలలు తేలితే అంచు సాగిందని. నడుమ ఉబ్బితే కుట్టేటప్పుడు పట్టీని లాగి పట్టుకున్నారని. కుట్టు వదలగానే పట్టీ ముడుచుకుని లోపలి ముక్కని బిగిస్తుంది.

వాలుగా కోసిన అంచు క్రాస్ (పోగుకి ఏటవాలు కోత) కిందికే వస్తుంది, చెయ్యి తగిలితే సాగుతుంది. అందుకే పట్టీలని వాలుగా కొయ్యకండి. రెండున్నర అంగుళాల పట్టీని నిలువు పోగు మీద తిన్నగా కోసి, పావు అంగుళం లోపలికి కుట్టి, తిరగేసి ఇస్త్రీ పెట్టాకే దాని బయటి అంచుని వాలుగా కత్తిరించండి: ఒక కొస రెండు అంగుళాలు, రెండో కొస ఒకటి. తరవాతి పట్టీ తిన్నని అంచు ఆ వాలు మీద పడుతుంది కాబట్టి సాగకుండా పట్టి ఉంచుతుంది. సాగే అంచు అడుగున, మెషిన్ పళ్ల వైపు ఉండాలి. ఇస్త్రీపెట్టె రుద్దకూడదు, ఎత్తి దించాలి.

సన్న కొస అంగుళం కంటే తగ్గనివ్వకండి. రెండు పక్కలా పావు పావు కుట్టులోకి పోతే పైకి కనిపించేది అరంగుళమే.

ఎంవీపీ_బొంతలు:
మూల చాలకపోవడం పట్టీ పొడవు తప్పు. వాలు అంచు మీద కుట్టిన పట్టీ తిప్పితే పక్కకి జరుగుతుంది. రెండు కొసలా అంగుళం ఎక్కువ ఉంచి, కుట్టే ముందు కుట్టుగీత మీద మడిచి చూడండి. మూల కప్పుతోందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

బ్లాకుని పదమూడున్నర దాకా పెంచి, పన్నెండున్నర అట్టముక్క పెట్టి సుద్దతో గీసి కత్తిరించండి. అట్టని ఇటూ అటూ తిప్పి చూస్తే వంకర ఇంకాస్త వస్తుంది, కానీ చివరి పట్టీల పోగు అట్ట అంచుకి దాదాపు సమాంతరంగా ఉండాలి. కోసినప్పుడు కుట్లు తెగుతాయి, కొసన వేసిన ఎదురుకుట్టు పోతుంది. అందుకని కొసలు విడిపోకుండా కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లు పెట్టండి.

సీతమ్మధార_సూది:
ఇప్పటికే సాగినవాటికి గంజి పెడితే సర్దుకుంటాయా?

గాజువాక_టైలర్:
కొంచెం సాగితే సర్దుకుంటాయి. బాగా సాగితే ఆఖరి పట్టీ విప్పి తిరిగి కుట్టడమే.

ఎంవీపీ_బొంతలు:
గంజి సరే, మన ఊరి ఉప్పుగాలికి గంజి గుడ్డలు మూటకట్టి పెడితే బూజు ఖాయం. ఆ వారంలో కుట్టేసేవాటికే పెట్టండి. గుండుసూదులు రాత్రంతా గుడ్డలో వదలొద్దు, తుప్పు మరక ఉతికినా పోదు. కట్ పీసుల్లో పాలిస్టర్ కలిసిందేమో పోగు కాల్చి చూడండి: బూడిదైతే నూలు, ముద్దకడితే పక్కన పడేయండి. ఎరుపు, నీలం ముందే విడిగా తడపాలి.

ఇంత చదరం పట్టింపు కూడా అక్కర్లేదు లెండి. ఉత్తర కన్నడలో సిద్దీ (ఆఫ్రికా మూలాలున్న తెగ) ఆడవాళ్లు కవందులనే బొంతలు కుడతారు, అసలు బ్లాకులే ఉండవు. ఒక మూల నుంచి మొదలెట్టి ముక్కలు చేతికుట్టుతో నేరుగా అడుగుగుడ్డ మీదే పరుస్తూ లోపలికి వస్తారు. అలా కుట్టాలంటే మాత్రం మీ మెషిన్‌కి పని లేదు.