ఇంటి నుంచే ప్రొక్టర్డ్ పరీక్ష: ఆఫీసు ల్యాప్‌టాప్ పనికొస్తుందా?

అందరికీ నమస్కారం. ఈ దేశం వచ్చి నెల కూడా కాలేదు. పియర్సన్ వ్యూ అనే పరీక్షల సంస్థ వాళ్ల ఆన్‌వ్యూలో, అంటే మనం ఇంట్లో రాస్తుంటే ప్రొక్టరు (పర్యవేక్షకుడు) కెమెరాలో చూస్తుండే పద్ధతిలో, సర్టిఫికేషన్ పరీక్ష బుక్ చేశాను. ఆఫీసు ల్యాప్‌టాప్ వాడొచ్చా? నా సొంతది బాగా పాతది.

– ల్యాప్‌టాప్ సంగతి తర్వాత తమ్ముడూ, ముందు నీ గది తలుపుకి లోపలి గొళ్లెం ఉందో లేదో చూసుకో. నాది వేరే కంపెనీ పరీక్ష. సగం అయ్యాక ఇంటి ఓనరు తన దగ్గరున్న తాళంచెవితో తీసుకుని హీటరు చూడ్డానికి వచ్చేశాడు. ముందురోజే మెసేజ్ పెట్టా, చూసుకోలేదట. తల తిప్పకుండా చేత్తో పొమ్మని సైగ చేశా. రమ్మన్నాననుకున్నాడు మహానుభావుడు! పక్కకొచ్చి "ఆల్ ఓకే?" అంటూ స్క్రీన్‌లోకి వంగాడు. వీడియోలో నా మొహం పోయి ఆయన చొక్కా బొత్తాలు కనబడ్డాయి. ప్రొక్టరు చాట్‌లో రెండు ముక్కలు పెట్టారు, పరీక్ష రద్దు. రెండు నెలలు మెయిళ్లు రాశా, ఫీజు మాత్రం వెనక్కి రాలేదు. హీటరూ బాగవలేదు.

– అయ్యో పాపం. కానీ ఆ అబ్బాయి అడిగింది ల్యాప్‌టాప్ గురించి కదా. ఆఫీసుది వద్దు బాబూ. ఆఫీసు వాళ్లు పెట్టే వీపీఎన్, ఫైర్‌వాల్ లాంటి నెట్ భద్రతా ఏర్పాట్లు అడ్డం పడతాయి, సెట్టింగులు మార్చుకునే అడ్మిన్ హక్కులూ ఉండవు. పాతదైనా సొంతదాంట్లోనే, పరీక్ష రాసే గదిలోనే, అదే నెట్ మీద ఆన్‌వ్యూ వాళ్ల సిస్టమ్ టెస్ట్ (ల్యాప్‌టాప్, నెట్ సరిపోతాయో లేదో చూసేది) చేసి చూడు. వైఫై కన్నా కేబుల్ మేలు. చెక్-ఇన్ 30 నిమిషాల ముందు తెరుచుకుంటుంది, అప్పుడే కూర్చో. పాస్‌పోర్టులో పేరు, బుకింగ్‌లో పేరు ఒకటేనా? మనవాళ్లకి ఇంటిపేరు దగ్గరే తంటా.

– చిన్న వైట్‌బోర్డు కొనుక్కో. మామూలు కాగితం ఒప్పుకోరు, బోర్డయితే పర్లేదు.

– అన్నా, అది జీఆర్‌ఈకి. సర్టిఫికేషన్లకి మామూలుగా బల్ల ఖాళీగా ఉండాలి. బోర్డు ఇస్తే స్క్రీన్ మీదే ఇస్తారు.

– నేను రాసిందీ జీఆర్‌ఈయే. బోర్డు పక్కన పెట్టుకునే రాశా.

– నేనూ అదేగా అంటున్నా!

– మీరిద్దరూ ఆగండి. తమ్ముడూ, ప్రశ్న చదివేటప్పుడు పెదాలు కదపకు. నాకు గొణుక్కునే అలవాటు, రెండుసార్లు హెచ్చరించారు. రెండో మానిటరుంటే ఆఫ్ చేస్తే చాలనుకోకు, వైరు పీకెయ్.

– అందరికీ థాంక్స్. సొంత ల్యాప్‌టాప్‌లో టెస్ట్ పాసయింది. తలుపుకి గొళ్లెం మాత్రం లేదు. కుర్చీ అడ్డం పెడితే చెక్-ఇన్‌లో గది చూపించమన్నప్పుడు ఏమైనా అంటారా?