అప్‌డేట్: అమ్మ ముఖం నొప్పి గోలీ, జీన్ టెస్ట్ రిపోర్ట్ వచ్చింది

పోయిన నెల అడిగింది నేనే. అమ్మకు ట్రైజెమినల్ న్యూరాల్జియా, ముఖం ఒక పక్క కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి. డాక్టర్ కార్బమజెపైన్ రాశారు. మా మేనమామకు ఏళ్ల కింద ఫిట్స్‌కి అదే గోలీ వేస్తే మూడో వారంలో ఒళ్లంతా బొబ్బలొచ్చి తోలు ఊడింది. అందుకే ముందు జీన్ టెస్ట్ అవసరమా అని అడిగాను.

చేయించాం. నల్లగొండలో రక్తం తీసి హైదరాబాద్ పంపారు. రిపోర్ట్ వచ్చేదాకా అమ్మ నమలలేక జావ మీదే ఉంది, నా టెన్షన్ నాది. హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 పాజిటివ్! అంటే ఈ గోలీతో తోలు ఊడే రియాక్షన్ ముప్పు పెంచే జీన్ రకం అమ్మలో ఉంది.

ఈ జీన్ ఉన్న అందరికీ రియాక్షన్ రాదట, కానీ వస్తే ప్రాణం మీదికొస్తుంది. తైవాన్‌లో 2004లో ఈ గోలీతో అలా తోలు ఊడిన 44 మందిని పరీక్షిస్తే అందరిలోనూ ఇదే ఉంది. 2007 నుంచి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఆసియా మూలాలున్నవాళ్లకు ముందే టెస్ట్ చేయమంటోంది. మామకు ఆనాడు ఎవరూ చెప్పలేదు, చెప్పే రోజులూ కావు.

డాక్టర్ కార్బమజెపైన్ వద్దన్నారు, అలాంటి రియాక్షనే తేగల ఆక్స్‌కార్బజెపైన్, ఫెనిటోయిన్ గోలీలు కూడా వద్దన్నారు. బదులుగా గాబాపెంటిన్ మొదలుపెట్టారు. కొంచెం మత్తుగా ఉంటోంది కానీ నిన్న రొట్టె తిన్నది.

నెగెటివ్ వచ్చినా పూర్తి భరోసా కాదట. కార్బమజెపైన్ మొదలుపెట్టాక మొదటి రెండు మూడు నెలల్లో జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, దద్దుర్లు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పోవాలి. అమ్మ నుంచి నాకూ తమ్ముడికీ ఈ జీన్ రావచ్చు. వచ్చే వారం మా ఇద్దరి రక్తం ఇస్తాం.