మాధవీలతా, రాధామనోహరమా?

మొన్న కూకట్‌పల్లిలో మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. గేటు మీద గుత్తులు గుత్తులుగా పూలు. "మాధవీలత అక్కా, నర్సరీవాళ్లు అదే చెప్పారు" అంది. కాదు, అది రాధామనోహరం. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగుకీ, ఆపైన ఎరుపుకీ తిరుగుతుంది.

అసలు మాధవి వేరు. గుర్తుపట్టడానికి పేర్లే చాలు. అమరకోశం 'అతిముక్తః పుండ్రకః స్యాద్వాసంతీ మాధవీ లతా' అంటూ అన్నీ ఒకే దండలో గుచ్చింది. మధు, మాధవ అంటే చైత్ర వైశాఖాలకు పాత పేర్లు. వసంతంలో పూస్తుంది కాబట్టి మాధవి, వాసంతి. ఇక అతిముక్త అంటే తెలుపులో ముత్యాన్ని మించినది. ఎర్రబడిపోయే పువ్వుకి ఆ పేరెవరు పెడతారు? మాధవికి ఐదు తెల్లటి రేకులు, అంచులు కుచ్చుల్లా ఉంటాయి, ఒక్క రేకు మీద మాత్రం పసుపు మచ్చ. కాయకి మూడు రెక్కలు. ఎండి రాలితే గిరగిరా తిరుగుతూ దిగుతుంది. శాస్త్రీయ నామం హిప్టేజ్‌కి మూలమైన గ్రీకు మాటకీ ఎగరడమనే అర్థం.

ఇది చదివినవాళ్లు అన్న మాటలూ, నా జవాబులూ:

— మేడమ్, లత అంటే సన్నగా ఉండాలి కదా? కవులు నాయిక చేతుల్ని లతలతోనే పోలుస్తారు.

— ఆ పోలిక లేత కొమ్మకే చెల్లుతుందండీ. ఇదేమీ కాకరపాదు కాదు, ముదిరితే మొదలు మానులా అవుతుంది. అడవుల్లో, వాగుల ఒడ్డున పెద్ద చెట్లెక్కి పైనంతా కప్పేస్తుంది. మన తూర్పు కనుమల్లో ఉంది. మారిషస్, రీయూనియన్ దీవుల్లోనైతే అక్కడి చెట్లని కమ్మేస్తోందని కలుపు కింద లెక్కగట్టారు. మన కవుల సుకుమారి అక్కడ రౌడీ!

— మా వీధిలో రెండింటినీ మాధవి అనే అంటారు. నలుగురూ అనేదాన్ని తప్పంటే ఎట్లా?

— తప్పనడం లేదు తమ్ముడూ. వీధిలో ఎట్లా పిలిచినా ఆ పువ్వుకి వచ్చే నష్టం లేదు. పాత పద్యంలో మామిడిని అల్లుకున్న మాధవి కనబడినప్పుడు మాత్రం గేటు మీది ఎర్ర గుత్తులు ఊహించుకుంటే కవి చూపిన తెలుపు పోతుంది. నా బాధంతా అదే.

— అక్కా, నేనే, గేటు ఓనర్‌ని. నువ్వు చెప్పాక నిన్న పొద్దుగూకాక చూశాను. కొత్తగా విచ్చినవన్నీ తెల్లగానే ఉన్నాయి, వాసన మెట్ల దాకా వస్తోంది. పొద్దున లేచి చూస్తే గులాబీ. ఒప్పుకున్నాను, రాధామనోహరమే. మరి ఆ మాధవి మొక్క ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పు. గేటు మీద మాత్రం ఎక్కించనులే.